కాటా చెప్పిన బరువు

పొద్దున్నే నోట్లో ఏమీ వేసుకోకముందే పెద్దాయన్ని కాటా ఎక్కించడం ఆ ఇంట్లో కోడలి పని. ముందు భాగం పాత ఇనుప సామాను దుకాణం, వెనక భాగం కాపురం, మధ్యలో ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు తీసి, విరిగిన సైకిళ్లూ తుప్పు రేకులూ అట్టల కట్టలూ తప్పించుకుంటూ, మామగారి మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి కాటా పళ్లెం మీద నిలబెట్టేది. ఎర్ర అంకెలు కాసేపు తడబడి ఒకచోట ఆగేవి. ఆమె చదివేది, ఆయన వినేవాడు, ఇద్దరూ వెనక్కి వచ్చేవాళ్లు.

"అరవై మూడు మామయ్యా. నిన్నటిదే," అంది ఆ రోజు కూడా.

పెద్దాయన దిగలేదు. పక్కనున్న కడ్డీ పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. రాత్రంతా కూర్చునే ఉన్నాననీ, పడుకుంటే గుండెల మీద బండ పెట్టినట్టు ఉంటోందనీ, డాక్టరుకి ఓసారి ఫోన్ చెయ్యమనీ అడిగాడు.

ఇది కొత్త మాట కాదు. వారం పైనుంచీ వింటున్నదే. కోడలికి విసుగొచ్చింది. విసుగు రాదా మరి, పొద్దున లేస్తే ఇంటి పని, ఆపైన దుకాణంలో రాగి ఒక వైపు, ఇత్తడి ఒక వైపు ఏరి పెట్టే పని, మధ్యలో ఈయన బిళ్లలు. ఫోన్ చేసి ఏమని చెప్పాలి? బరువు పెరిగితే చెయ్యమన్నారు. పెరగలేదు. పొద్దస్తమానం దుకాణంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే వాపు రాకుండా ఎలా ఉంటుంది? ఈ తుప్పు దుమ్ములో దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? ఇవన్నీ గడగడా అనేసి, చివరికి అనకూడని మాట కూడా అంది.

"కాటా అబద్ధం చెబుతోందా మామయ్యా, లేకపోతే మీరు చెబుతున్నారా?"

పెద్దాయన ఆ ఎర్ర అంకెల వంక చూస్తూ నిలబడ్డాడు. "కాటా ఎందుకు చెబుతుందమ్మా అబద్ధం," అని మెల్లిగా దిగాడు.

అసలు ఈ కాటా గొడవ ఎలా మొదలైందంటే, పెద్దాయనకి గుండెపోటు వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేసి ప్రాణం నిలబెట్టారు. కానీ అప్పటికే గుండె కండరంలో కొంత మేర చచ్చిపోయింది. పంపు నీరసిస్తే నీళ్లు వెనక్కి నిలిచినట్టు, ఇకమీదట ఒంట్లో నీరు చేరే ప్రమాదం ఉందని డాక్టరు విడమరిచి చెప్పాడు. ఆ నీరు ముందు బరువులో తెలుస్తుంది, తర్వాత కాళ్లలో, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో. అందుకని ఉప్పు తగ్గించాలి, తాగే నీళ్లు కొలిచి ఇవ్వాలి, నీరు తీసే బిళ్ల తప్పకుండా వెయ్యాలి, రోజూ బరువు చూడాలి. నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చెయ్యాలి, బిళ్ల పెంచుతాం అన్నాడు. ఇంటికో బరువు మిషను కొనుక్కోమని కూడా అన్నాడు.

దానికి పెద్దాయన పడీ పడీ నవ్వాడు. "ఊళ్లో సగం ఇనుము నా కాటా ఎక్కి దిగిందండీ. నేనిప్పుడు పోయి బొమ్మ కాటా కొనుక్కుంటే జనం ఏమనుకుంటారు?" అన్నాడు. కొడుకు నవ్వాడు, కోడలు నవ్వింది, చూడటానికి వచ్చిన ఆడపడుచు కూడా నవ్వింది. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్లేదు పెద్దలు.

ఆయన గర్వానికి అర్థం ఉంది. లారీలు తూచే పెద్ద కాటాని ధర్మకాటా అంటారు కదా, జనం ఆయనకి ఆ పేరే పెట్టేశారు. సీసాలు ఏరుకునే ఆడవాళ్లు, తోపుడుబండ్ల మీద పాత సామాను తెచ్చేవాళ్లు, పక్కనే రెండు దుకాణాలున్నా ధర్మకాటా దగ్గరికే వచ్చేవాళ్లు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఆమెకి మొదట నేర్పింది వంటింటి సంగతులు కాదు, కాటా ముల్లు కదలడం ఆగేదాకా చూపు తిప్పకూడదని. ముల్లు కాటా పోయి అంకెల కాటా వచ్చినా ఆమెకి ఆ అలవాటు పోలేదు. నాన్న లేని పిల్లేమో, ఈయన మాటంటే ఆమెకి గురి. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున ఆడపడుచు అందరి ముందూ "నాన్నని నీ చేతుల్లో పెడుతున్నాం" అంటే, ఆమె నిజంగానే చేతులు చాచి తీసుకున్నంత పని చేసింది.

కోడలు ఆ మాట అన్న రోజు మధ్యాహ్నమే, దుకాణంలో కుర్చీలో కూర్చున్న పెద్దాయన, ఎవరో పిలిచినట్టు లేవబోయి, లేవలేక ముందుకి వంగిపోయాడు. నోటి నుంచి నురగ. పెదవులు నీలం. ఊపిరి లోపల నీళ్లు గలగలమంటున్న చప్పుడు కోడలికి లోపలి తలుపు దాకా వినిపించింది. సామాను వేసుకొచ్చే ఆటోలోనే ఎక్కించి ఆసుపత్రికి పరుగెత్తారు.

అత్యవసర విభాగంలో ఆయన మొహానికి మాస్కు బిగించి ఆక్సిజన్ పెట్టారు. నరంలోకి నీరు తీసే ఇంజెక్షన్లు ఎక్కించారు. మంచం పక్కన వేలాడుతున్న సంచిలోకి ఒంట్లో నీరంతా దిగడం మొదలైంది. కాస్త నిలదొక్కుకున్నాక మిషనున్న కుర్చీలో కూర్చోబెట్టి నర్సు తూచింది. అరవై ఏడు పైన చూపించింది, అదీ అంత నీరు పోయాక.

డాక్టరు పాత కాగితాలు చూసి మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంట్లో బరువు ఎవరు చూస్తున్నారని అడిగాడు. కొడుకు, అప్పుడే వచ్చిన ఆడపడుచు, ఇద్దరూ కోడలి వైపు చూశారు.

"నేనేనండీ. ఒక్క పూట కూడా మానలేదు. ఇవాళ పొద్దున కూడా అరవై మూడే ఉన్నారు."

"పొద్దున్నుంచి ఇప్పటికి ఐదు కిలోలు ఎక్కడి నుంచి వస్తుందమ్మా? ఇది రెండు వారాల నీరు. మీరు చూడకుండానే చూశానంటున్నారు."

"మీ మిషను తప్పేమో చూసుకోండి. మా కాటా తప్పు చూపించదు," అంది కోడలు. అనడమే కాదు, నర్సు వద్దంటున్నా ఆ కుర్చీలో తనే కూర్చుని తన బరువు చూసుకుంది. మొన్ననే సరదాకి దుకాణంలో చూసుకున్న దానికంటే బాగా ఎక్కువ చూపించింది. చూశారా అన్నట్టు మొగుడి వైపు తిరిగింది. అతను తేలు కుట్టిన దొంగలా గోడ మీది పంకా వంక చూస్తున్నాడు.

ఆడపడుచు వరండాలోకి లాక్కెళ్లి మరీ దులిపేసింది. మా నాన్న ఆయాసమంటే నువ్వు నసన్నావట, పోనుపోను బరువైపోయాడా, అబద్ధం బరువులు చెప్పి మమ్మల్ని నమ్మించావా అని. పొద్దున ఆయన కాటా మీద నిలబడి అడిగిన అడగడం, తను అన్న అనడం, అవే కోడలి చెవుల్లో తిరుగుతున్నాయి.

బట్టలు తేవడానికి ఇంటికొచ్చింది. బట్టలు సర్దలేదు. పక్క కిరాణా కొట్లోంచి సీలు విప్పని పంచదార బస్తా ఒకటి, ఇరవై ఐదు కిలోలది, అడిగి తెచ్చుకుని, ఈడ్చుకుంటూ కాటా మీద పెట్టింది. అంకెలు ఆగేదాకా చూపు తిప్పలేదు. ఇరవై మూడు. దింపి మళ్లీ పెట్టింది. ఇరవై మూడే. ఆ ఎర్ర అంకెల ముందు నేల మీద చతికిలబడిపోయింది.

వెనకాలే వచ్చిన భర్త గుమ్మంలో ఆగిపోయాడు. బస్తా చూశాడు. ఆమె అడగాల్సినది అడక్కముందే అతని మొహం చెప్పేసింది.

"ఎప్పట్నుంచి?" అంది.

అతను చెప్పాడు. ఎదురుగా కొత్త దుకాణం పెట్టినవాడు రేటు పెంచాడు. తనూ పెంచక తప్పలేదు. పెంచినది ఎక్కడో లాగాలి. కాటా బాగుచేసేవాణ్ని పట్టుకుని తూకం తగ్గించే కిటుకు నేర్చుకున్నాడు. ఒకేసారి తగ్గిస్తే జనం పసిగడతారని, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాడు. అక్కడ ఆయన ఒంట్లో నీరు కొద్దికొద్దిగా పెరుగుతోంది, ఇక్కడ ఈయనగారు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాడు. రెండూ చక్కగా సరిపోయాయి. రేటు ఎక్కువిస్తున్నాడని జనం మెచ్చుకుంటుంటే మా ఆయనది తండ్రి పోలికేనని మురిసిపోయింది కోడలు కూడా.

"పొద్దున్నే నేను మామయ్యని కాటా ఎక్కించే వేళకి మీరు ఇక్కడిక్కడే ఉంటారు. ఒక్కరోజు కూడా మీకు గుర్తు రాలేదా?"

ఆమెకి ఇప్పుడు తడుతోంది, ఆ వేళకి రోజూ అతనికి వీధిలో ఏదో పని పడేది. షట్టర్ తాళమో, ఆటో టైరో.

"గుర్తొచ్చింది," అన్నాడు చివరికి. "చెబుదామనే అనుకున్నాను. నాన్నకి తెలిస్తే చచ్చిపోతాడే. కాటా దగ్గర దొంగతనం చేశానని తెలిస్తే ఆయన బతకడు."

"తెలియకుండా మాత్రం బతుకుతున్నారా?"

అతను తల పట్టుకుని ఏడ్చాడు. మొగుడు ఏడుస్తుంటే చూసి కరిగిపోయే మనిషే ఆవిడ, ఆ రోజు మాత్రం దగ్గరికి వెళ్లలేదు. అక్కకి చెప్పకు, డాక్టరుకి చెప్పకు, ఆయన మంచం మీద ఉండగా ఈ మాట చెవిన పడితే గుండె ఆగుతుంది అని బతిమాలాడు. అదొక్కటీ నిజమేననిపించింది ఆమెకి. కడుపు చించుకుంటే కాళ్ల మీదే కదా పడేది. రేపటి నుంచి కాటా సరిచేసి, తగ్గించి తూచిన వాళ్లందరికీ అతనే తన నోటితో చెప్పుకోవాలని మొగుడి చేత ఒప్పించి, మామగారి ప్రాణం కుదుటపడేదాకా తను నోరు మూసుకోవడానికి ఒప్పుకుంది. ఒప్పుకుని పెద్ద శిక్షే తలకెత్తుకుంది.

ఆ తర్వాత రోజులన్నీ ఆసుపత్రిలో ఆమె దోషి. మందులిచ్చే ముందు నర్సు "ఈవిడకి కాదు, కూతురికి చెబుతాను" అనేది. డాక్టరు గుండె స్కానింగు చూసి, గుండె ఇదివరకటి కంటే సాగిపోయిందనీ, పంపింగు ఇంకా తగ్గిందనీ చెప్పాడు. ఇలా మునిగి తేలిన ప్రతిసారీ కొంత బలం పోతుంది, పోయినది తిరిగి రాదు. వారం ముందు తెచ్చి ఉంటే రెండు బిళ్లలతో పోయేది అని, ఆమె మొహంలోకే చూస్తూ అన్నాడు. పక్కనే నిలబడ్డ భర్త అప్పుడైనా నోరు విప్పుతాడేమోనని చూసింది. అతను మందుల చీటీ మడతలు పెట్టుకుంటూ నిలబడ్డాడు.

పెద్దాయన మాత్రం అన్నీ వింటూ పైకప్పు చూస్తూ పడుకునేవాడు. కోడలు నోట్లో చెంచాతో నీళ్లు పోస్తుంటే కళ్లు మూసుకునేవాడు. తన మీద కోపమనుకుంది. కోపం ఉంటే తప్పేముంది అని కూడా అనుకుంది.

ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున అందరూ మంచం చుట్టూ చేరారు. నీరు చాలావరకు దిగింది. డాక్టరు బిళ్లలు రాస్తూ, ఎలా ఉందని అడిగితే పెద్దాయన బాగానే ఉందండీ అన్నాడు. రోజూ బరువు చూసే బాధ్యత ఈసారి ఎవరిదని డాక్టరు అడిగాడు.

"నాదండీ," అంది ఆడపడుచు. "నాన్నని మా ఇంటికి తీసుకెళ్లిపోతున్నాను. ఒకసారి నమ్మి చూశాం, చాలు."

కోడలి చేతిలో ఆయన చొక్కా ఉంది, తొడగడానికి బొత్తాలు విప్పుతోంది. ఆ చేతులు ఆగిపోయాయి. ఇన్ని రోజులూ మాటలు పడింది, పడగలిగింది. ఆయన్ని తీసుకెళ్లిపోతారన్న మాట మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చొక్కా మంచం మీద పెట్టేసి పక్కకి జరిగింది.

పెద్దాయన మంచం కడ్డీ పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి తప్పేం లేదు డాక్టరుగారూ. మా కాటా దొంగకాటా."

పక్క మంచం వాళ్లు కూడా ఇటు తిరిగారు. కొడుకు "నాన్నా" అన్నాడు.

"కొడుకు తూకం తగ్గించాడు. అమ్మాయి ఉన్నది ఉన్నట్టే చదివింది. ఒక్క పూట మానలేదు, ఒక్క అంకె మార్చలేదు."

"మీకిది ఎప్పుడు తెలిసింది?" అన్నాడు డాక్టరు.

"ముందే తెలుసు," అన్నాడు పెద్దాయన. సీసాలు ఏరే ముసలామె మూట తెచ్చిన రోజు, పాపం మొయ్యలేకపోతోందని తను ఒక చెయ్యి వేశాడట. మోసిన చేతికి ఒక బరువు, కాటా మీద ఇంకో బరువు. కొడుకు వైపు చూస్తే వాడు చూపు తిప్పుకున్నాడు. అప్పుడే అర్థమైందన్నాడు.

"తెలిసీ రోజూ దాని మీదే ఎక్కారా?" అన్నాడు డాక్టరు.

"ఎక్కాను. ఆయాసమొస్తోందని అడిగాను, అమ్మాయి అంకె చూపించింది. అంకె తప్పని చెప్పాలంటే వాడు దొంగని చెప్పాలి. కోడలి ముందు కొడుకుని ఏ నోటితో దొంగని చెప్పను? చెప్పలేకపోయాను. పోతే పోతాననుకున్నాను."

కొడుకు మంచం మీద వాలి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. తండ్రి వాడి తల మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ కుళ్లి కుళ్లి ఏడ్చారు. ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. చూసేవాళ్లకి అంతా సర్దుకున్నట్టే ఉంది. కోడలు మాత్రం గోడకి ఆనుకుని, పొడి కళ్లతో ఆ తండ్రీకొడుకుల్ని చూస్తోంది.

"బాగుంది మామయ్యా," అంది. గొంతు పెంచలేదు. "మీకేమో మీ అబ్బాయి పరువు కావాలి. ఆయనకేమో మీ దగ్గర పరువు కావాలి. ఇద్దరి పరువూ నిలబెట్టడానికి మధ్యలో నేను దొరికాను. రోజూ నా చేత్తోనే మిమ్మల్ని దాని మీద నిలబెట్టించుకున్నారు. నా నోటితోనే అబద్ధాలకోరని అనిపించుకున్నారు. ఆ రోజు మీరు పోయుంటే, మా మామయ్యని నేనే చంపుకున్నానని నా ఆయుష్షు ఉన్నంతకాలం ఏడ్చేదాన్ని. మీ అబ్బాయి పక్కనే కూర్చుని నన్ను ఓదార్చేవాడు. ఆలోచించారా మీరు?"

పెద్దాయన కొడుకు తల మీది చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యీ ఈ చెయ్యీ కలిపి ఆమె వైపు జోడించబోతే ఆమె వద్దన్నట్టు తల తిప్పింది.

"ఆలోచించలేదమ్మా," అన్నాడు. "వాడు నా కొడుకని ఆలోచించాను. నువ్వు కూడా పిల్లవేనని ఆలోచించలేదు."

ఆడపడుచు దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. భర్త లేచి, తప్పంతా నాది అన్నాడు. ఆ మాట అనాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయిందని కోడలు అతని వైపు కూడా చూడకుండానే అంది.

"నన్ను మన ఇంటికి తీసుకెళ్తావా?" అని అడిగాడు పెద్దాయన. అడిగింది కోడలినే.

ఆమె మంచం దగ్గరికొచ్చి దుప్పటి తొలగించి ఆయన కాళ్లు చూసింది. చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. సొట్ట పడి, మెల్లిగా పూడుతోంది. నీరింకా పూర్తిగా దిగలేదు.

"తీసుకెళ్తాను. కానీ ఇకమీదట నేను అంకె చూడను, మిమ్మల్నే అడుగుతాను. మీరు నిజం చెప్పాలి. ఎవరి పరువు కోసమూ దాచకూడదు."

"చెబుతాను."

"ఇప్పుడు చెప్పండి. ఊపిరి ఎలా ఉంది?"

అలవాటు కొద్దీ ఆయన బాగానే ఉందనబోయాడు. నోరు తెరిచి ఆగిపోయాడు. కొడుకు వంక చూడలేదు, డాక్టరు వంక చూడలేదు.

"బాగాలేదమ్మా. ఈ నాలుగు మాటలకే రొప్పుతున్నాను. రాత్రి కూడా పడుకోలేక కూర్చునే ఉన్నాను. ఇంటికి పంపరేమోనని డాక్టరుగారికి చెప్పలేదు."

డాక్టరు రాస్తున్న కాగితం పక్కన పెట్టి, స్టెతస్కోపు తీసి ఆయన వీపు మీద ఆనించాడు. చాలాసేపు విన్నాడు. ఇవాళ పంపడం లేదని నర్సుకి చెప్పి, మళ్లీ ఇంజెక్షన్ సిద్ధం చెయ్యమన్నాడు.

ఇన్ని రోజులూ ఒక్క చుక్క రాల్చని కోడలు, ఆయన పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని ఆ మంచం చివరే కూర్చుండిపోయి బావురుమంది. "అలా చెప్పాలి మామయ్యా, అలా చెప్పాలి," అంటూనే ఉంది, నర్సు వచ్చి పక్కకి జరగమనేదాకా.